మీకు తెలుసా? బూడిదలో ఆవుల గిట్టల జాడలు!

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఒక పెద్ద బూడిద దిబ్బ ఉంది. ఇలాంటివి రాయలసీమలోనూ, పక్కనే ఉన్న బళ్లారి ప్రాంతంలోనూ కనిపిస్తాయి. వీటిని రాక్షసుల చితాభస్మమని పూర్వం కొన్నిచోట్ల చెప్పుకునేవారు. అంత బూడిద ఎక్కడిదని పిల్లలు అడిగితే పెద్దలు ఇంకేం చెబుతారు?

1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఉట్నూరు దిబ్బను తవ్వారు. అది కాలిన ఆవుపేడ! కొత్త రాతియుగంలో, అంటే నాలుగు వేల ఏళ్లకు పైగా కిందట, అక్కడ పశువుల దొడ్డి ఉండేది. పేరుకున్న పేడను తగలబెట్టేవారు. దానిమీద మళ్లీ దొడ్డి, మళ్లీ మంట. అలా దిబ్బ పొరలు పొరలుగా పెరిగింది. నేల కదలకుండా ఉన్నచోట అడుగు పొర పాతది, పైది కొత్తది. పురావస్తు శాస్త్రంలో పిల్లలు మొదట నేర్చుకోవాల్సింది ఇదే.

దొడ్డికి పాతిన గుంజలు ఎప్పుడో పోయాయి. కానీ వాటి గుంతలు నేలలో మిగిలాయి. చుట్టూ ఉన్న మట్టికీ, గుంతలో నిండిన మట్టికీ తేడా ఉంటుంది. ఆ గుంతల వరుసను బట్టే కంచె ఎటు సాగిందో తెలిసింది. అన్నిటికన్నా అద్భుతం, బూడిదలో ఆనాటి పశువుల గిట్టల ముద్రలు కూడా దొరికాయి! బంగారం దొరికినా ఇంత ముచ్చటగా ఉండదేమో.

పొరను బట్టే ఏది పాతదో, ఏది కొత్తదో తెలుస్తుంది. అందుకే తవ్వేవారు ఏది ఏ పొరలో, ఎంత లోతులో దొరికిందో అక్కడికక్కడే రాసుకుంటారు. మీ ఊళ్లో పాత పెంకు కనిపిస్తే తీయకండి. ఉన్నచోటే ఫొటో తీసి, పెద్దలకు చూపించండి.