ఊరికి ఇరవై రెండు ఇళ్లు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎవరిని ప్రశ్నలడగాలో సర్వేకొచ్చిన మనిషి తేల్చడు. కేంద్ర ఆరోగ్య శాఖ తరఫున ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ 1992-93 నుంచి ఈ సర్వే నడుపుతోంది. 2019-21 నాటి అయిదో విడతలో దేశమంతటా 6,36,699 కుటుంబాల వివరాలు సేకరించారు.

ముందు ఊళ్లను ఏరతారు. ఆ విడతకు 2011 జనాభా లెక్కలే ఆధారం. జనం ఎక్కువున్న పల్లెకు అవకాశం ఎక్కువ. అమలాపురం లాంటి పట్టణమైతే ఊరికి బదులు జనగణన బ్లాకును తీసుకుంటారు. పెద్ద ఊరికి మొగ్గు అన్యాయమనిపించవచ్చు. కానీ ఏ ఊళ్లోనైనా తీసుకునేవి 22 ఇళ్లే. వెయ్యి గడపల ఊరి కంటే రెండు వేల గడపల ఊరికి రెట్టింపు అవకాశం ఉంటే, దాని లోపల ఒక్కో ఇంటికి సగమే దక్కుతుంది. లెక్క సరిపోతుంది.

తర్వాత ఇళ్ల జాబితా. కోనసీమలో అసలు చాకిరీ ఇదే. రాజోలు, కొత్తపేట పల్లెల్లో ఇళ్లన్నీ వీధి వెంట బారుగా ఉండవు. కొబ్బరితోటలో ఒకటి, కాలవగట్టున రెండు, లంకలో నాలుగు. అన్నిటినీ తిరిగి పటం గీసి, నంబర్లు వేయాలి. 300 ఇళ్లు దాటిన ఊరిని నూరు, నూటయాభై ఇళ్ల చొప్పున ముక్కలు చేసి రెండింటిని తీసుకుంటారు. వాటిలో 220 ఇళ్లు తేలాయనుకుందాం. పదింటికి ఒకటి. మొదటి అంకె 7 పడితే 7, 17, 27... అలా 217 దాకా.

7వ ఇంటికి తాళముంటే? వాళ్లు గల్ఫ్‌లో ఉన్నారని 8వ ఇంటి తలుపు తట్టకూడదు. అప్పుడు ఎప్పుడూ ఇంటిపట్టునే ఉండేవాళ్లే లెక్కకెక్కుతారు. మనుషులుండే ఇల్లయితే మళ్లీ మళ్లీ వెళ్లాలి, అంతే.

ఆ ఇంట్లో ముందురోజు రాత్రి పడుకున్న 15-49 ఏళ్ల ఆడవాళ్లందరూ అర్హులే. పురిటికి పుట్టింటికొచ్చిన కూతురూ అందులోకే వస్తుంది. 15-54 ఏళ్ల మగవాళ్లను కొన్ని ఇళ్లలోనే అడుగుతారు. ఇష్టం లేకపోతే జవాబు చెప్పనక్కర్లేదు.

అయిదో విడత నివేదికలో కోనసీమ పేరుతో జిల్లా లెక్కలు వెతికితే దొరకవు. ఈ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. సర్వే నాటికి అమలాపురం, రాజోలు, కొత్తపేట తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి కాబట్టి ఆ జిల్లా లెక్కల్లోనే ఉన్నాయి.