విత్తకుండా పండిన కూరలు

మా మదనపల్లె ప్రాంతంలోని పెద్దతిప్పసముద్రం పక్క వానలు పడ్డాక కూరకు వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. చెనిక్కాయ విత్తిన కొన్నాళ్లకే చేను నిండా దొగ్గలి, చెంచలి, గురుగు మొలిచేవి. కలుపు తీసే ఆడవాళ్లు లేతవన్నీ ఒడిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాళ్లు. మా అవ్వ ఏ ఒక్క ఆకుతోనో కూర చేసేది కాదు. నాలుగైదు రకాలు బెరకగా కలిపి, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి ఉడికించి, రాతిచట్టిలో మెత్తగా ఎనిపి, తెల్లగడ్డలతో తిరగబాత పెట్టేది. సంగటిలోకి ఆ పుల్లగూర ఉంటే ఇంకేమీ అడిగేవాళ్లం కాదు.

పిల్లలకు గుట్టలే అంగళ్లు. బలుసుపండ్లు, పరికిపండ్లు, కలేపండ్లు ఏ పొదలో ఉంటాయో గొర్రెలు మేపేవాళ్లే చూపించేవాళ్లు. దోరది కొరికితే కలేకాయ పాలు పెదాలకు అంటుకుని ఒక పట్టాన వదిలేవి కావు.

తర్వాత చేలల్లోకి టమాటా వచ్చింది. మదనపల్లె మార్కెట్ పేరు దేశమంతా తెలిసింది, రైతు చేతిలో నాలుగు డబ్బులూ ఆడాయి. కానీ కలుపు మందు కొట్టిన చేలో దొగ్గలి మొలవదు, మొలిచినా తినకూడదు. కూరతో పాటు దాన్ని గుర్తుపట్టే చూపూ పోతోంది. గుట్టల సంగతి కొంత నయం. మదనపల్లె ప్రాంతంలో ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ ఊళ్లతో కలిసి గుట్టల వంటి ఉమ్మడి భూములను కాపాడే పని చాలా ఏళ్లుగా చేస్తోంది.

ఇప్పుడు నేనుంటున్న సియాటిల్‌లో బీకన్ ఫుడ్ ఫారెస్ట్ చూసినప్పుడు నాకు మా గుట్టే గుర్తొచ్చింది. నగరానికి చెందిన భూమిలో 2012లో చుట్టుపక్కల వాళ్లు పూనుకుని మొదలుపెట్టిన తోట అది. పైన పండ్ల చెట్లు, కింద పొదలు, నేల మీద ఆకుకూరలు. ఎవరైనా వచ్చి కోసుకోవచ్చు, ఎవరైనా వచ్చి పనిచేయవచ్చు.

బలుసు ఈ చలికి తట్టుకోదు. అయినా గంగపాయల, చక్రవర్తి ఆకు, అడవి తోటకూర ఇక్కడ వేసవిలో పెరళ్లలో కలుపుగా మొలుస్తూనే ఉంటాయి. మనం పీకి పారేస్తున్నాం. అయితే జాగ్రత్త ముఖ్యం. గంగపాయలను పోలిన విషపు మొక్క ఒకటి పక్కనే పాకుతుంది. కాడ తుంచి చూడండి, పాలు కారితే ముట్టవద్దు. మందు కొట్టిన చోట ఏదీ కోయవద్దు. ఊరి నుంచి విత్తనాలు అనుమతి లేకుండా పెట్టెలో పెట్టుకు రావద్దు.

మన పిల్లలకు ఆకుకూర అంటే ప్లాస్టిక్ డబ్బాలోని పాలకూరే. వాళ్ల తప్పేముంది, మనం చూపిస్తే కదా! వేసవికి అమ్మానాన్నలు మన దగ్గరికి వస్తారు. వాళ్లను మాల్స్‌కే తిప్పకుండా ఒక శనివారం ఇలాంటి తోటకు మనవళ్లతో పాటు తీసుకెళ్దాం. మన తెలుగు సంఘం తరఫున అక్కడ ఒక పూట పనిచేద్దాం. ఆకు చూడగానే పేరు చెప్పి, వండే తీరు చెప్పగలిగిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. వాళ్లు ఉండగానే పిల్లలకు ఆ విద్య అందాలి.