మోటారుసైకిలుకు దారిబత్తెము



దూరప్రయాణమునకు బయలుదేరువారికి దారిబత్తెము కట్టియిచ్చుట మన యిండ్లలో పూర్వాచారము. ఆ బత్తెము కట్టుటలో ఒక వివేకము కలదు. ప్రయాణము ఎన్ని దినములో, తినువారు ఎందరో, దారిలో ఏమి దొరకునో, ఏమి దొరకదో విచారించి, చెడిపోని దానిని, మోయదగిన దానిని మాత్రమే కట్టుదురు. వంటయిల్లంతయు మూటగట్టి నెత్తికెత్తుకొన్నవారిని మనము చూడలేదు.

నేటి ప్రసంగము మోటారుసైకిలునకు కట్టవలసిన దారిబత్తెమును గూర్చినది. మార్గమధ్యమున బండి నిలిచిపోయినప్పుడు మనచేతితో మనము బాగుచేసికొనుటకు ఏ పనిముట్లు వెంట నుండవలెను, వానిని ఎట్లు ఎన్నుకొనవలెను అనునదే విషయము. వ్యాకరణము చెప్పుకొన్న పంతులుకు పానాలతో పని యేమని కొందరు నవ్వవచ్చును. ముప్పదియేండ్లు పల్లెబడులకు బండిమీద తిరిగినవానికి రెండింటితోను పని యుండును.

మన పెద్దలు ఏ శాస్త్రమునకైనను నాలుగు సంగతులు ముందుగా తేల్చుకొనుమనిరి. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి. దీనిని అనుబంధచతుష్టయమందురు. పనిముట్ల సంచికి సయితము ఈ నాలుగే కొలతలు. అంగడికి పోయి నలువది పనిముట్ల పెట్టెను కొని బండికి కట్టుట సులభము. కాని ఈ నాలుగింటిని విచారింపక కొన్న పెట్టె బరువేగాని బలము కాదు.

మొదట ప్రయోజనమును చూతము. దారిలో మనము చేయు పనికి ప్రయోజనము బండిని కొత్తదానిగా చేయుట కాదు. దానిని తరువాతి ఊరి మెకానిక్కు దగ్గరకు నడిపించుట. ఈ ఒక్క మాట మనసున నుంచుకొన్నచో సగము పనిముట్లు వాటంతట అవియే సంచిలోనుండి తొలగిపోవును. యంత్రపు లోపలి భాగములను విప్పు పనిముట్లు మనకు అక్కరలేదు. దుమ్ము, గాలి, వెలుతురులేమి గల రోడ్డుప్రక్కన యంత్రము విప్పినవాడు దానిని మరల బిగించుట కష్టము.

ప్రయోజనము దేశమును బట్టియు మారును. చెన్నై నుండి నెల్లూరు, విజయవాడ, విశాఖపట్నముల మీదుగా కోలకతాకు పోవు 16వ నంబరు జాతీయరహదారిలో పంక్చరు వేయువాడు తరచుగానే కనబడును. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవునప్పుడు మన్ననూరు దాటిన పిదప నల్లమల అడవిదారిలో అట్టివాడు దొరకుట అరుదు. రాత్రివేళ ఆ మార్గమున వాహనములను పోనీయరు కూడను. మొదటిదారికి సరిపోవు సంచి రెండవదారికి చాలదు.

ప్రయోజనము కాలమును బట్టియు మారును. రాజదూతు, యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి బండ్లు పెట్రోలులో నూనెను కూడ మండించునవి. వానికి ప్లగ్గు మసిపట్టుట నిత్యవ్యవహారము; ప్లగ్గు పానాయు, గరుకుకాగితపు ముక్కయు లేక ఎవ్వరును ఊరు దాటెడివారు కారు. తరువాత వచ్చిన నాలుగుదశల యంత్రములలో ఆ బాధ చాలవరకు తగ్గినది. 2020 ఏప్రిల్ 1 నుండి బీయెస్-6 నియమములు అమలులోనికి వచ్చిన పిమ్మట కొత్త బండ్లలో కార్బురేటరు స్థానమున ఇంజెక్షను పద్ధతి ప్రవేశించినది. జెట్టు నూడదీసి నోటితో ఊదుట ఇక పనికిరాదు. అంతేకాక, బ్యాటరీ పూర్తిగా చచ్చినచో పెట్రోలును పంపు మోటారు తిరుగదు. అట్టి బండి తోసినను కదలకపోవచ్చును. కనుక పాతబండివానికి ప్లగ్గు పానా ఎట్టిదో, కొత్తబండివానికి బ్యాటరీ కొనలను బిగించు చిన్న పానా అట్టిది.

ఇక విషయము. దారిలో వచ్చు బాధలు అనంతములుగా తోచునుగాని, మనము చక్కబెట్టదగినవి అయిదు తెగలు. టైరు గాలిపోవుట, తీగ తెగుట, మర వదులై ఊడుట, గొలుసు తెగుటగాని జారుటగాని, విద్యుత్తు అందకపోవుట.

వీనిలో టైరుదే అగ్రస్థానము. ట్యూబు లేని టైరైనచో పని సుఖము. మేకును పట్టి లాగుటకు కటింగ్ ప్లయరు, రంధ్రమును గరుకు చేయు ఆకురాయి సూది, రబ్బరు పురిని దూర్చు సూది, నాలుగైదు రబ్బరు పురులు, గాలిపంపు—ఇంతే. చక్రము విప్పనక్కరలేదు. అయితే నేలను తాకు భాగమునందలి రంధ్రమునకే ఈ వైద్యము. టైరు ప్రక్కభాగము చీలినచో పురి దూర్చి నడుపుట ప్రాణాపాయము. దూర్చిన పురి సయితము తాత్కాలికమే. మెల్లగా నడిపి, ఊరుచేరిన తరువాత లోపలినుండి అతుకు వేయించుకొనవలెను.

చువ్వల చక్రములు గల బండ్లకు చాలవరకు లోపల ట్యూబు ఉండును. అప్పుడు చక్రము విప్పక తప్పదు. ఇరుసు నట్టుకు సరిపోవు పానాలు, టైరును గట్టు దాటించు లీవర్లు రెండుగాని మూడుగాని, ఒక కొత్త ట్యూబు కావలెను. రోడ్డుప్రక్కన అతుకు వేయుటకన్న ట్యూబును మార్చుటయే మేలు. అతుకే వేయవలసివచ్చినచో, పూసిన ద్రావణము తడియారి జిగురుపట్టువరకు ఓపిక పట్టవలెను. తడిమీద అంటించిన అతుకు నిలువదు. పాతట్యూబును దించినంత మాత్రమున పని తీరదు. టైరు లోపలివైపు వ్రేళ్లతో మెల్లగా తడిమి మేకును వెదకి తీయనిచో, కొత్తట్యూబు కూడ పాతదాని గతియే పట్టును.

తీగల విషయము. క్లచ్చి తీగయు, యాక్సిలరేటరు తీగయు చెప్పక తెగును. అనుభవజ్ఞులు చేయు ఉపాయమొకటి కలదు. బయలుదేరుటకు ముందే కొత్త తీగను పాతతీగ వెంబడి పరచి కట్టియుంచుదురు. పాతది తెగినప్పుడు రెండు కొనలు మార్చినచో చాలును. పెట్రోలు టాంకు విప్పవలసిన పని తప్పును. ఈ ఉపాయమునకు పనిముట్టు ఖర్చు లేదు, ముందుచూపే ఖర్చు.

గొలుసు విషయమున ఒక్క లంకె వెంట నుండవలెను. గొలుసులకు అంకెలు కలవు. 428 అను గొలుసునందు లంకెకు లంకెకు నడుమ దూరము అర అంగుళము. 520 అను దానియందు అంగుళమున అయిదు ఎనిమిదవ వంతులు. ఒకదాని లంకె మరొకదానికి పట్టదు. లంకెమీది బిళ్లను తొడుగునప్పుడు దాని మూసియున్న కొన గొలుసు పోవు దిక్కునకు ఉండవలెను; విడిగానున్న కొన ముందుకున్నచో దేనికైనను తగిలి ఊడిపోవచ్చును.

విద్యుత్తు విషయమున ముందు చూడవలసినవి బ్యాటరీ కొనలు, తరువాత ఫ్యూజులు. పెట్టెలో ఉన్న అంకెల ఫ్యూజులనే రెండేసి ఉంచుకొనవలెను. పది ఆంపియర్ల ఫ్యూజు పోయినచోట ఇరువది ఆంపియర్లది పెట్టుట, లేక రాగితీగ చుట్టుట ఎన్నడును కూడదు. ఫ్యూజు తాను కాలి తీగలను కాపాడును. దానిని బలిష్ఠము చేసినచో తీగలే కాలి బండికి నిప్పంటుకొనును.

మూడవది సంబంధము. సంచి ఎన్నిక అంతయు ఇచ్చటనే గెలుచుటయో ఓడుటయో జరుగును. పానాకును నట్టుకును గల సంబంధము శబ్దార్థముల సంబంధము వంటిది. దగ్గరి అర్థము చాలదు, సరియైన అర్థమే కావలెను. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు తలకు జపాను సంప్రదాయపు బండ్లలో 12 మిల్లీమీటర్ల పానా పట్టును. ఐరోపా సంప్రదాయమున 13 మిల్లీమీటర్లది పట్టును. 12 గల తలను 13తో తిప్పినచో కోణములు అరిగి తల గుండ్రమగును. ఆ పైన ఏ పానాయు దానిని కదల్పలేదు. 1955 నుండి మద్రాసులో కూర్పబడిన బుల్లెటు వంటి ఆంగ్లసంప్రదాయపు పాతబండ్లలో విట్‌వర్తు కొలతల మరలుండెను. ఆ పానాలమీద చెక్కిన అంకె తల వెడల్పు కాదు, బోల్టు లావు. అంకె చూచి కొన్నవాడు మోసపోవును. ప్లగ్గుల కొలతలును ఒక్కటి కావు. 16, 18, 21 మిల్లీమీటర్ల తలలు కలవు.

స్క్రూల సంగతియు ఇట్టిదే. కూడిక గుర్తు వంటి గంటు గల స్క్రూలన్నియు ఒకటేనని చాలమంది భ్రమింతురు. అమెరికాలో 1936లో పేటెంటు పొందిన ఫిలిప్సు మొన వేరు, జపాను మొన వేరు. ఫిలిప్సు మొనను జపాను స్క్రూలో పెట్టి గట్టిగా తిప్పినచో పైకి జారి గంటును నలిపివేయును. నోరు చిన్నది పెద్దది చేయదగిన సర్దుబాటు పానా ఒక్కటి చాలుననువారు కలరు. ఇరుసునకు రెండవవైపు పట్టుకొనుటకు అది మంచిదే. బిగిసిన నట్టును తీయుటకు అది కూడ కోణములను తినును.

శ్రీశైలము దారిలో ఒక యువకుని చూచితిని. అతని వెంట మెరయు పనిముట్ల పెట్టె కలదు. వెనుకచక్రము గాలిపోయినది. పెట్టెలో అన్ని పానాలును గలవుగాని అతని ఇరుసునట్టుకు కావలసిన పెద్దపానా మాత్రము లేదు. ఆ పెట్టెను కూర్చినవాడు ఆ బండిని చూచినవాడు కాడు గదా! చీకటిపడుచున్నది, భార్యాబిడ్డ చెట్టుక్రింద కూర్చొనియున్నారు. చివరకు ఒక సరకులబండి డ్రైవరు దయదలచి ముగ్గురిని, బండిని ఎక్కించుకొని పోయెను. నలువది పనిముట్లలో లోపించినది ఒక్కటియే; ఆ సాయంకాలము కావలసినదియు అదియే.

నాలుగవది అధికారి. పనిముట్టు ఎంత మంచిదైనను దానిని వాడుట తెలియనివాని చేతిలో అది ఇనుపముక్కయే. కావున సంచిని పరీక్షింపుడు. సంచితోపాటు మిమ్మును పరీక్షించుకొనుడు. ఒక సెలవుదినమున పెరటిలో బండిని నిలిపి, ఇంటిలోని పనిముట్ల పెట్టెకు తాళమువేసి, ప్రయాణపు సంచిని మాత్రమే విప్పుడు. వెనుకచక్రము తీసి మరల బిగింపుడు. ప్లగ్గు ఊడదీయుడు. గొలుసు సవరింపుడు. బ్యాటరీ కొనలను విప్పి కట్టుడు. ఈ పనులలో ఎక్కడ మీరు తాళముచెవి కొరకు లేచితిరో, అక్కడ మీ సంచికి లోటున్నది. ఆ పనిముట్టును చేర్చుడు. పని అంతయు ముగిసినను మీ చేయి తాకని పనిముట్టు ఏదైన మిగిలినచో దానిని ఇంటనే వదలుడు.

ఈ పరీక్షలో మరియొక రహస్యము బయటపడును. దుకాణములలో ఇరుసునట్టును గాలియంత్రముతో బిగించుట కలదు. కంపెనీవారిచ్చు పొట్టిపానాతో అట్టి నట్టు కదలదు. పెరటిలో తెలిసినచో నవ్వుకొని, పొడవైన పానా తెచ్చుకొందుము, లేక చెప్పిన కొలతకే చేతితో బిగింపించుకొందుము. అడవిలో తెలిసినచో ఏడ్వవలెను. చక్రము మరల తొడిగిన తరువాత బ్రేకును రెండుమూడుమారులు నొక్కి, అది పట్టుచున్నదని చూచుకొనక బండి కదల్పరాదు.

ఇట్లు నిగ్గుతేలిన నా సంచిలో నున్నవి చెప్పెదను. 8, 10, 12, 14 మిల్లీమీటర్ల పానాలు, ఇరుసుకు సరిపోవు పానాలు, ప్లగ్గు పానా, బండికి తగిన అలెన్ కీలు, రెండుమొనల స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, పంక్చరు సామగ్రి, గాలిపంపు, గొలుసు లంకె, ఫ్యూజులు, రెండు గజముల ఇనుపతీగ, నైలాను కట్లు, విద్యుత్తు పట్టీ, నుదుటికి కట్టుకొను దీపము. ఇది నా బండి బత్తెము. మీ బండి బత్తెము మీ పెరటి పరీక్ష చెప్పును.

వీనిని మందపుగుడ్డలో వరుసగా చుట్టి, బండికి క్రిందుగా, నడుమకు దగ్గరగా కట్టవలెను. వీపుసంచిలో ఇనుము మోయరాదు. పడినప్పుడు అది వెన్నెముకకు తగులును. ఆ గుడ్డయే పనివేళ నేలమీద పరచినచో మరలు గడ్డిలో పోవు.

ఒక మాట మిగిలినది. పని మొదలుపెట్టుటకు ముందు బండిని రోడ్డు అంచునుండి వీలైనంత దూరము త్రోయుడు. మీతో వచ్చినవారిని రోడ్డుకు ఎడముగా నిలుపుడు. చీకటియైనచో దీపములు వెలిగింపుడు. లారీ పోవు దారిప్రక్కన వంగి కూర్చున్నవానికి ఏ పానాయు రక్ష కాదు. చోటు సురక్షితముగా లేకున్నను, బాధ మన చేతిదాటినదైనను, జాతీయరహదారిపై 1033 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఫోనులో విద్యుత్తు నిండుగా నుంచుకొనుటయు దారిబత్తెములోని భాగమే.

విద్య పుస్తకములోను, ధనము పరులచేతిలోను ఉన్నచో వేళకు పనికిరావని మన పెద్దలు చెప్పియున్నారు. చేతికి అలవడని పానాయు ఆ కోవలోనిదే. బయలుదేరు దినమునకు ముందటి ఆదివారము ఒక్క పూట పెరటిలో గడపుడు. మీ సంచి తేలికయగును, మీ వెంట వచ్చువారు చీకటిపడకమునుపే ఇల్లు చేరుదురు.