ఇంటిపని వాయిదా – ఆరుబయట ఆట

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• పిల్లలు ఇంటిపనిని ఎందుకు వాయిదా వేస్తారో వివరించగలుగుతారు.
• పిల్లల ఎదుగుదలలో ఆరుబయట ఆటకు ఉన్న స్థానాన్ని తెలుపగలుగుతారు.
• ఏ తరగతికి ఎంత ఇంటిపని తగినదో చెప్పగలుగుతారు.
• ఒక పిల్లవాడి సాయంత్రానికి తగిన ప్రణాళిక వేయగలుగుతారు.

1. పరిచయం

వైఎస్సార్ కడప జిల్లాలో పాపఘ్ని నది ఒడ్డున ఉన్న ఊరు వేంపల్లె. ఏడాదిలో చాలా నెలలు ఆ ఏట్లో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. అలాంటి ఊళ్లో ఏడో తరగతి చదివే ఒక అబ్బాయిని ఊహించుకోండి. సాయంత్రం బడి నుంచి వస్తాడు. పుస్తకాల సంచి మంచం మీద పడేస్తాడు. "లెక్కలు రాసుకున్యావా?" అని వాళ్లమ్మ అడిగేలోపే గడప దాటి, "ఆడుకోనొచ్చి రాసుకుంటాలేమా" అంటాడు. తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. కాళ్లు కడుక్కొని అన్నం తినగానే కళ్లు మూతలు పడతాయి. పొద్దున్నే లేచి రాస్తానంటాడు, లేవడు. బడికి పోయే వేళకు కడుపునొప్పి వస్తుంది.

ఈ సంఘటనల వరుసలో ముఖ్యమైనది చివరిది. మనం మాత్రం మొదటిదాని దగ్గరే ఆగిపోయి, ఆటే తప్పని తీర్పు చెబుతాం. ఒకరోజు నాలుగు లెక్కలు చేయకపోతే పోయేది తక్కువ. ఆ భయంతో ఒకరోజు బడి మానేస్తే మాత్రం ఆనాటి పాఠం పోతుంది. పాఠం అర్థం కాకపోతే మర్నాటి ఇంటిపని మరింత బరువవుతుంది. అప్పుడు మళ్లీ వాయిదా, మళ్లీ భయం. ఈ గొలుసును ఎక్కడ తెంచాలన్నదే ఈ పాఠంలోని ప్రశ్న.

2. వాయిదాకు కారణాలు

చేయవలసిన పని అని తెలిసి, ఆలస్యమైతే నష్టమని కూడా తెలిసి, పనిని వెనక్కి నెట్టడాన్ని వాయిదా వేయడం అంటాం. ఇది సోమరితనం కాదు. సోమరికి ఏ పని మీదా మనసు ఉండదు. మన అబ్బాయి గంటన్నర సేపు చెమటలు కారేలా పరుగెత్తి వచ్చాడు. అతనిలో శక్తి ఉంది. అది లెక్కల పుస్తకం వైపు మళ్లలేదు, అంతే.

మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పియర్స్ స్టీల్ వాయిదాపై జరిగిన అనేక పరిశోధనలను 2007లో సమీక్షించారు. వాయిదాతో గట్టి సంబంధం ఉన్నట్టు ఆయన గుర్తించిన అంశాలను మన పరిస్థితికి ఇలా అన్వయించుకోవచ్చు.

అ) పని పట్ల విముఖత: ఒకే జవాబును ఐదుసార్లు రాయమంటే ఏ పిల్లవాడికైనా విసుగే.
ఆ) ఫలితం దూరంగా ఉండటం: ఆటలోని ఆనందం ఇప్పుడే దొరుకుతుంది. ఇంటిపని ఫలితం రేపో, పరీక్షల నాడో కనిపిస్తుంది.
ఇ) చేయగలనన్న నమ్మకం లేకపోవడం: ఇంట్లో తొలిసారి చదువుకుంటున్న పిల్లవాడికి లెక్క రాకపోతే అడగడానికి ఎవరూ ఉండరు. అలాంటివాడు తప్పించుకుంటున్నది పనిని కాదు, తనకు రాదన్న బాధను.
ఈ) తొందరపాటు స్వభావం: వీధిలోంచి ఒక్క కేక వినిపిస్తే చాలు, చేతిలోని పెన్ను జారిపోతుంది.

ఈ నాలుగూ పిల్లలకే పరిమితం కావు. మీ అసైన్‌మెంట్లను గడువు చివరి వారం దాకా ఆపిన అనుభవం మీకూ ఉండవచ్చు. ఆ రోజు మీ మనసులో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే పిల్లవాడి మనసు సులభంగా అర్థమవుతుంది.

3. వెలుతురు అనే కారణం

పై కారణాలు ఏ ఊరికైనా వర్తిస్తాయి. రాయలసీమ పల్లెకు మరొకటి కలపాలి. ఇక్కడ ఆటకు దొరికే సమయం చాలా చిన్నది. నవంబరు, డిసెంబరు నెలల్లో సాయంత్రం 6 గంటలలోపే పొద్దు గుంకుతుంది. నాలుగు దాటాక బడి వదిలితే పిల్లల చేతిలో ఉండేది సుమారు గంటన్నర. జూన్‌లో పొద్దు ఏడింటి దగ్గరిదాకా ఉంటుంది కానీ, ఎండ చల్లబడేదాకా ఆగాలి. ఇంటిపని దీపం కింద కూడా సాగుతుంది. గోలీలాట, బిళ్లంగోడు, క్రికెట్ చీకట్లో సాగవు. అంటే "ఆడుకొని వచ్చి రాసుకుంటా" అన్న మాటలో కొంత లెక్క ఉంది. ఏది ఆగగలదో, ఏది ఆగలేదో పిల్లవాడు సరిగానే అంచనా వేశాడు. అలసిపోయాక తనకు నిద్ర వస్తుందన్న సంగతి ఒక్కటే ఆ అంచనాలో లేదు.

4. ఆట ఏమిస్తుంది?

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరుబయటి వెలుతురు కళ్లకూ మేలు చేస్తుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలలో కొందరికి బడిలోనే రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట కార్యక్రమం పెట్టారు. మూడేళ్ల తర్వాత వారిలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. మామూలు పద్ధతిలో చదివిన పిల్లల్లో అది 39.5 శాతం. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి.

ఆటవల్ల మనసుకు కలిగే లాభం ఇంకా పెద్దది. కోరికను ఆపుకొని నియమానికి కట్టుబడటం పిల్లలు ఆటలోనే నేర్చుకుంటారని రష్యన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త వైగోట్‌స్కీ వివరించారు. గోలీ కొట్టాలని చేయి ఉవ్విళ్లూరుతున్నా తన వంతు వచ్చేదాకా పిల్లవాడు ఆగుతాడు. ఇంటిపనికి కావలసిన నిగ్రహం కూడా అలాంటిదే. ఆటను పూర్తిగా మాన్పిస్తే, ఏ గుణం లేదని మనం బాధపడుతున్నామో దాన్ని అలవరచే చోటునే మూసేసినట్టవుతుంది.

ఆట పిల్లల హక్కు కూడా. 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను హక్కులుగా గుర్తించింది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికను ఆమోదించింది.

5. ఇంటిపని ఎంత?

కేంద్ర విద్యాశాఖ 2020లో ప్రకటించిన పాఠశాల సంచి విధానం ఈ పరిమితులను సూచించింది.

• 2వ తరగతి వరకు: ఇంటిపని వద్దు.
• 3 నుంచి 5 తరగతులు: వారానికి గరిష్ఠంగా 2 గంటలు.
• 6 నుంచి 8 తరగతులు: రోజుకు గరిష్ఠంగా ఒక గంట.
• 9 నుంచి 12 తరగతులు: రోజుకు గరిష్ఠంగా 2 గంటలు.

హారిస్ కూపర్ బృందం 2006లో అమెరికా పరిశోధనలను సమీక్షించింది. ఇంటిపనికీ చదువులో ప్రగతికీ ఉన్న సంబంధం 7వ తరగతి నుంచి పై తరగతుల్లో బలంగా, చిన్న తరగతుల్లో బలహీనంగా కనిపించింది.

వేంపల్లె మండలంలోనే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతో అక్కడ సీటు వస్తుందన్న ఆశ చుట్టుపక్కల తల్లిదండ్రులకు ఉండటం సహజం. ఆ ఆశ న్యాయమైనదే. అయితే పదో తరగతి ఒత్తిడిని మూడో తరగతి పిల్లవాడి నెత్తిన పెట్టడానికి ఆధారం లేదు.

6. సాయంత్రాన్ని ఎలా అమర్చాలి?

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెబుతాను. మా అబ్బాయి ఆరో తరగతిలో ఉండగా, రాయడం పూర్తయితేనే ఆట అని నియమం పెట్టాను. వాడు కిటికీ పక్కన కూర్చొని చీకటి పడేదాకా ఒక్క పేజీ రాసేవాడు. చెవులు మాత్రం వీధిలో ఉండేవి. అలా ఆట పోయింది, చదువూ సాగలేదు. విద్యా మనోవిజ్ఞానం బోధించే నాకు ఇది అర్థం కావడానికి ఒక ఏడాది పట్టింది.

నేను పెట్టినది నిజానికి డేవిడ్ ప్రిమాక్ 1959లో ప్రతిపాదించిన సూత్రమే. ఇష్టమైన పనిని, అంతగా ఇష్టం లేని పనికి బహుమతిగా వాడవచ్చని ఆయన చెప్పారు. సూత్రం మంచిదే. పొద్దు గుంకేలోపు ఆ బహుమతి అందనంత పెద్ద పనిని ముందు పెట్టడమే నా తప్పు. దాన్ని ఇలా సవరించుకోవచ్చు.

మొదట పది నిమిషాలు: పుస్తకం తెరిచి, ఏమేం చేయాలో రాసుకొని, ఒక్క లెక్క చేయాలి. రానిది ఏదో ఇక్కడే తెలుస్తుంది. దాన్ని ఆటలో స్నేహితుణ్ణి అడగవచ్చు.
తర్వాత పొద్దు గుంకేదాకా ఆట. ఇందులో కోత లేదు.
ఇంటికి రాగానే, అన్నానికి ముందే మిగిలిన పని. "కాళ్లు కడుక్కోగానే పుస్తకం ముందు కూర్చుంటా" అని పిల్లవాడితోనే అనిపించాలి. "ఇది జరిగితే అది చేస్తా" అనే ఇలాంటి సంకల్పం, ఉత్త నిర్ణయం కంటే బాగా అమలవుతుందని పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపాయి.

ఒంటిపూట బడుల కాలంలో ఈ వరుస మార్చాలి. మధ్యాహ్నం ఎండలో ఎలాగూ ఆడకూడదు కాబట్టి ఇంటిపని అప్పుడే ముగించి, సాయంత్రం మొత్తం ఆటకు వదలాలి.

ఆడపిల్లల సంగతి వేరుగా ఆలోచించాలి. నీళ్లు పట్టడం, అంట్లు తోమడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం ఆమె సాయంత్రాన్ని తినేస్తాయి. ఆమె ఇంటిపని ఆగిపోయింది ఆటవల్ల కాదు. ఆమెకు ఆటా అందలేదు. ఇంట్లో పనులు పంచుకోకుండా ఆమెకు ఏ ప్రణాళిక వేసినా అది కాగితం మీదే ఉంటుంది.

ఇక ఉపాధ్యాయుని పాత్ర. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. "ఎందుకు రాయలేదు?" అని నిలదీయడానికి బదులు "ఎక్కడ ఆగిపోయావు?" అని అడగండి. సగం చేసిన పనిని కూడా చూపించవచ్చని తెలిసిన పిల్లవాడికి పొద్దున్నే కడుపునొప్పి రావలసిన అవసరం ఉండదు. పరిచయంలో చెప్పిన గొలుసు సులభంగా తెగే చోటు ఇదే.

7. సారాంశం

ఇంటిపనిని వాయిదా వేయడం ఒక గుణదోషం కాదు. విసుగు, దూరపు ఫలితం, రాదన్న బాధ, నిలకడలేమి కలిసి దానికి కారణమవుతాయి. రాయలసీమ పల్లెల్లో ఆటకు దొరికే వెలుతురు కొద్దిసేపే కావడం మరో కారణం. తగిన పరిమాణంలో ఇంటిపని ఇచ్చి, ఆటకు ముందు చిన్న ఆరంభం చేయించి, అసంపూర్తి పనికి శిక్ష లేకుండా చేస్తే ఆటా, చదువూ రెండూ నిలుస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వాయిదా వేయడానికీ సోమరితనానికీ తేడా ఏమిటి?
2. ప్రిమాక్ సూత్రాన్ని పల్లె సాయంత్రానికి ఎలా సవరించుకోవచ్చు?
3. ఇంటిపని విషయంలో ఆడపిల్లలు ఎదుర్కొనే ప్రత్యేక ఇబ్బందులను వివరించండి.

కృత్యం: మీ వీధిలోని ఒక బాలుడు, ఒక బాలిక ఐదు రోజులపాటు సాయంత్రం 4 నుంచి 8 వరకు ఏం చేశారో, వారి పెద్దల అనుమతితో నమోదు చేయండి. రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి, మీరు గమనించిన తేడాలను ఒక పేజీలో రాయండి. దీన్ని రేపటికి వాయిదా వేయకండి!