చివర్లో తీసే ఐదు చీట్లు

తడ దాటితే ఆరంబాక్కం. అక్కడి నుంచి తమిళ బోర్డులు మొదలవుతాయి. రాష్ట్రానికి కొసన ఉన్న ఈ మండలంలో 2024 మే 13న పడిన ఓట్లు సూళ్లూరుపేట నియోజకవర్గం లెక్కలోకి వస్తాయి. ఆ ఓటింగ్ యంత్రాలు తిరుపతి చేరి, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో జూన్ 4 దాకా సీళ్ల వెనక ఉన్నాయి. యంత్రం మూడు వారాలు లోపల ఉంటే, ఓటరు తన ఓటును కళ్లారా చూసుకున్నది ఏడు సెకన్లు. వీవీప్యాట్ అద్దం వెనక లైటు వెలిగి, వరుస సంఖ్య, పేరు, గుర్తు కనబడి, స్లిప్పు తెగి డబ్బాలో పడేంతసేపు.

"వేసేదాకే మనది, ఆ పైన దేవుడెరుగునన్నా" అన్నాడు తడలో టీ కొట్టు దగ్గర ఒకాయన. ఆ మాటలో కోపం లేదు, పోట్లాట లేదు. నన్ను గుచ్చింది అదే.

దేవుడి దాకా పోనక్కర్లేని దారి ఒకటి ఉంది. ఆఖరి రౌండు అయ్యాక సెగ్మెంటులోని పోలింగ్ కేంద్రాల నంబర్లన్నీ పోస్టుకార్డంత తెల్లకాగితాల మీద రాసి, మడిచి, డబ్బాలో వేసి కలిపి, ఏజెంట్ల ఎదుట రిటర్నింగ్ అధికారి ఐదు చీట్లు తీస్తారు. బ్యాంకు క్యాషియరు గదిలా చుట్టూ జాలీ కట్టిన బూత్‌లో ఆ ఐదు కేంద్రాల స్లిప్పులను అభ్యర్థివారీగా విడదీసి, 25 చొప్పున కట్టలు కట్టి, యంత్రం చూపిన అంకెతో పోలుస్తారు. ఒక్కో కేంద్రానికి దాదాపు గంట పడుతుంది. రెండూ కలవకపోతే స్లిప్పుల లెక్కే చెల్లుతుంది.

ఈ ఐదు అన్న అంకె వెనక మన రాష్ట్రం ఉంది. అంతకుముందు ఒక్కటే తీసేవారు. యాభై శాతం లెక్కించాలని చంద్రబాబు నాయుడు, మరో ఇరవై పార్టీల నేతలు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2019 ఏప్రిల్ 8న, మన పోలింగ్‌కు మూడు రోజుల ముందు, కోర్టు దాన్ని ఐదు చేసింది. ఐదేళ్లు తిరిగేసరికి, ఓడిపోయాక, పేపర్ బ్యాలెట్ కావాలన్నది జగన్‌మోహన్ రెడ్డి. గెలిచినవాళ్లకు అనుమానం రాదు. కాబట్టి తనిఖీ అనేది ఓడినవాడి కోసం కట్టే ఏర్పాటు. అతను చూసి, లెక్క సరిపోయిందని ఒప్పుకుని ఇంటికి వెళ్లగలగాలి.

ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు చెప్పిన లెక్కలో నాలుగు కోట్లకు పైగా స్లిప్పులు పోల్చి చూశారు. 2024 ఏప్రిల్ 26 నాటి తీర్పులో తేడా వచ్చిందని కనబడేది ఒకే ఒక్క చోటు. అది మన సీమలోదే. 2019లో మైదుకూరు నియోజకవర్గం 63వ పోలింగ్ కేంద్రం.

అక్కడ ఎవరూ మోసం చేయలేదు. పోలింగ్‌కు గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ పెడతారు. అది ముగిశాక క్లోజ్, రిజల్ట్, క్లియర్ అని మూడు మీటలు వరసగా నొక్కి యంత్రాన్ని సున్నాకు తేవాలి. స్లిప్పులను నల్ల కవరులో పెట్టి సీలు వేయాలి. మైదుకూరులో ప్రిసైడింగ్ అధికారి మాక్ పోల్ లెక్కను తీసేయలేదు. తెల్లవారుజాము నుంచి నిద్ర లేని మనిషి చేసే పొరపాటు లాంటిదే. అయినా అది చీటీలో వచ్చింది కాబట్టి బయటపడింది, కారణం తెలిసింది, లోకం ఒప్పుకుంది. తనిఖీ పనిచేస్తుందనడానికి నాకు ఆ ఒక్క తేడా ఇచ్చినంత ధైర్యం, సరిపోయిన కోట్ల స్లిప్పులు ఇవ్వలేదు.

మరి ఐదు చాలా? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలంటాం. నిజమే, కుండ ఒకటే అయినప్పుడు. నియోజకవర్గం ఒక కుండ కాదు. 300 కేంద్రాలుంటే 300 పొయ్యిలు, వండేవాళ్లూ వేరు. ఆ 300లో మూడింట్లో తేడా ఉందనుకోండి. ఐదు చీట్లు తీస్తే ఆ మూడింట్లో ఒక్కటైనా తగిలే అవకాశం వందకు ఐదే. పదిహేనింట్లో తేడా ఉన్నా, వందకు 23. మెజారిటీ అరవై వేలైతే ఆ మూడు కేంద్రాల తేడాతో ఫలితం మారదు. ఏడువందలైతే మారవచ్చు.

తిరుపతి అసెంబ్లీనే చూడండి. 2019లో భూమన కరుణాకర్ రెడ్డి నెగ్గింది 708 ఓట్లతో. 2024లో ఆరణి శ్రీనివాసులు నెగ్గింది 61,956 ఓట్లతో. రెండుసార్లూ నియమం అడిగింది అవే ఐదు వీవీప్యాట్లు. ఇది సబబుగా లేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2017 నుంచి మెజారిటీని బట్టే నమూనా తీస్తున్నారు. అందరి ముందు పది ముఖాల పాచికలు వేసి ఏ బ్యాలెట్లు చూడాలో తేలుస్తారు. తేడా ఎక్కువైతే ఇంకొన్ని, అవసరమైతే మొత్తం. మన దగ్గర ఈ ఆలోచన పూర్తిగా కొత్తదేమీ కాదు. మాక్ పోల్ తొలగించని యంత్రాలను పక్కన పెట్టి, మెజారిటీ ఆ కేంద్రాల ఓట్లకు మించకపోతేనే వాటి స్లిప్పులు లెక్కించాలన్నది ఎన్నికల సంఘం పద్ధతే. దాన్నే చీట్ల దాకా తెస్తే చాలు. శ్రమ ఎక్కువంటారా? స్లిప్పులను యంత్రంతో లెక్కించే సంగతి పరిశీలించమని కోర్టే అన్నది. ఎంత తేడా వస్తే తర్వాత ఏం చేస్తారో పోలింగ్‌కు ముందే ప్రకటించాలి. ఆ రాత్రే ఐదు కేంద్రాల పట్టికలూ ఫలితాలతో పాటు అందరికీ కనబడాలి.

ఫలితం వచ్చాక అడిగే దారి కూడా ఆ 2024 ఏప్రిల్ తీర్పుతోనే తెరుచుకుంది. రెండు, మూడు స్థానాల్లో నిలిచినవారు ఏడు రోజుల్లోగా ఐదు శాతం యంత్రాల తనిఖీ కోరవచ్చు. ఒంగోలులో ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి 12 కేంద్రాలకు అడిగారు. యంత్రాల సెట్టుకు జీఎస్టీతో 47,200 రూపాయలు, అంటే 5,66,400. ఆయన కోరింది ఆ రోజు పోలైన ఓట్లను స్లిప్పులతో పోల్చడం. అధికారులు సిద్ధమైంది మాక్ పోల్‌కు. పంచాయితీ హైకోర్టు దాకా వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, తనిఖీ పేరుతో యంత్రంలోని డేటా చెరపవద్దని చెప్పాల్సి వచ్చింది. పొలం కొలవమంటే టేపు బాగుందో లేదో చూపించి పంపితే రైతు ఊరుకుంటాడా?

యంత్రం ఒక్కటే సరిగా ఉంటే సరిపోదు. తడ ఓటర్లూ పాల్గొన్న 2021 తిరుపతి ఉపఎన్నికలో దొంగ ఓట్ల గొడవ అందరికీ గుర్తే. అధికారి లాగిన్‌తో 30 వేలకు పైగా ఓటరు కార్డులు దించుకున్నారన్న వ్యవహారంలో సస్పెన్షన్ వేటు పడింది 2024 జనవరిలో. మూడేళ్లకు దగ్గర! అదే 2019లో చంద్రగిరిలో కెమెరా దృశ్యాలు చూశాక ఏడు కేంద్రాల్లో మే 19న రీపోలింగ్ పెట్టారు. ఇప్పుడేమో ఎన్నికల నియమాలకు 2024 డిసెంబరులో చేసిన సవరణతో ఆ దృశ్యాలు జనం చూసే పత్రాల్లోంచి తప్పుకున్నాయి. ఎన్నికల పిటిషన్ లేకపోతే 45 రోజుల తర్వాత ఉంచనక్కర్లేదని ఎన్నికల సంఘం అన్నది. ఇది వెనకడుగని నా గట్టి నమ్మకం.

తడ నుంచి కౌంటింగ్‌కు వెళ్లిన ఒక ఏజెంటు నాకు తెలుసు. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. తమ అభ్యర్థి ఓటమి ఖాయమని తేలాక, మెడలో పాసు మెడలోనే ఉండగా బయటికి వచ్చేశాడు. బయట అప్పటికే టపాకాయలు మోగుతున్నాయట. చీట్లు తీసేటప్పుడు ఎక్కడున్నావని అడిగాను.

"నాయుడుపేటలో అన్నం తింటా ఉండానన్నా" అన్నాడు. కాసేపాగి, "అవి తీస్తారని మాకు ముందే ఎవరన్నా చెప్పుంటే ఉండేవాణ్ణే" అన్నాడు.