వల, టీకా, రంగు గుర్తు: గోవా రేబిస్‌ను ఎలా కట్టడి చేసింది?

పొద్దున్నే ఒక బండి వచ్చి వీధి మొదట్లో ఆగుతుంది. పెద్ద పెద్ద చేతివలలు పట్టుకుని కొందరు దిగుతారు. ఒకరు వీధికుక్కను వలలో పట్టి కదలకుండా ఉంచుతారు. ఇంకొకరు టీకా వేస్తారు. మరొకరు దాని ఒంటి మీద రంగు పూసి, టీకా వేసిన చోటును ఫోన్‌లో నమోదు చేస్తారు. వల తీయగానే కుక్క తోక ముడుచుకుని పరుగు తీస్తుంది. ఇంతా కలిపి కొద్ది నిమిషాల పని. గోవా వీధుల్లో ఏళ్లుగా సాగుతున్న పని ఇది. పట్టేవాళ్లలో జీతానికి పనిచేసేవాళ్లు ఉన్నారు, సొంత ఖర్చులతో వచ్చిన పశువైద్యులు, విద్యార్థులూ ఉన్నారు.

కుక్కల కోసం ఇంత హడావుడి ఎందుకన్నది తెలియాలంటే ముందు వైరస్ సంగతి చూడాలి. పిచ్చికుక్క కరిచినప్పుడు దాని లాలాజలంలోని రేబిస్ వైరస్ గాయంలోకి చేరుతుంది. అక్కడి నుంచి అది రక్తంలో కాకుండా నరాల వెంబడి నెమ్మదిగా మెదడు వైపు సాగుతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా రెండు మూడు నెలలు, కొందరిలో అంతకంటే తక్కువ, అరుదుగా ఏడాది కూడా పట్టవచ్చు. మనకు దొరికే వ్యవధి అదే. ఆ లోపు టీకా వేయించుకుంటే ప్రాణం దక్కుతుంది. మెదడుకు చేరి లక్షణాలు మొదలయ్యాక మాత్రం వైద్యం లేదు, దాదాపు ప్రతి రోగీ చనిపోతారు. 2022-23లో మన దేశంలో జరిగిన ఒక పెద్ద సర్వే ప్రకారం ఏటా సుమారు 91 లక్షల మందిని జంతువులు కరుస్తున్నాయి, రేబిస్‌తో దాదాపు 5,700 మంది చనిపోతున్నారని అంచనా. అంతకుముందు వాడుకలో ఉన్న అంచనా 20 వేల దాకా ఉండేది. తగ్గినా ఇది చిన్న సంఖ్య కాదు, ఎందుకంటే వీటిలో ప్రతి మరణమూ ఆపగలిగినదే.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల మాట పెద్దవాళ్లకు ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆ పాత టీకా పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు చేతికి వేసే కొద్దిపాటి డోసులతో సరిపోతుంది. అయితే కరిచినవాళ్లకు ఎన్ని లక్షల డోసులు వేసినా వైరస్ మాత్రం తగ్గదు. రేబిస్‌కు మనిషి దారి చివర లాంటివాడు. మనిషి నుంచి అది మరొకరికి పోదు. కుక్క నుంచి కుక్కకు పాకుతూ బతుకుతుంది. ప్రపంచంలో మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లే. కాబట్టి దాన్ని ఆపాల్సిన చోటు కుక్కల దగ్గరే.

ఎన్ని కుక్కలకు టీకా వేయాలి? అన్నిటికీ అక్కర్లేదు. పిచ్చెక్కిన ఒక కుక్క చనిపోయేలోపు సగటున ఒకటి నుంచి రెండు కుక్కలకు మాత్రమే రోగం అంటిస్తుంది. తట్టు లాంటి జబ్బులతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కనుక సగం కుక్కలకు రక్షణ ఉన్నా గొలుసు తెగిపోతుంది. మరి నిపుణులు 70 శాతం అని ఎందుకు పట్టుబడతారు? కుక్కల బతుకు చిన్నది కాబట్టి. వంద కుక్కల ఊళ్లో డెబ్బైకి టీకా వేశామనుకుందాం. ఏడాదిలో పదింట మూడు చనిపోయి వాటి చోట పిల్లలు పుడితే, రక్షణ ఉన్నవి 49కి దిగుతాయి. అంటే మళ్లీ టీకాల బండి వచ్చేదాకా గీత దాటకుండా ఉండాలంటే డెబ్బైతో మొదలుపెట్టాలి. ఒక ఏడు మానేస్తే చేసిందంతా నీళ్లపాలే.

కుక్కలను చంపేస్తే పోలేదా అన్న ప్రశ్న ప్రతి మరణం తర్వాతా వినిపిస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న ఇంటివాళ్ల కోపాన్ని తప్పుపట్టలేం. కానీ ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో 1997లో రేబిస్ వచ్చినప్పుడు పెద్ద ఎత్తున కుక్కలను చంపారు. రోగం పోలేదు. చంపితే ఖాళీ అయిన చోటికి కొత్త కుక్కలు వస్తాయి. టీకా వేసినవి కూడా చచ్చి, కట్టిన గోడ మనమే కూల్చుకున్నట్టవుతుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు అవసరమే. వాటివల్ల పిల్లలు తగ్గి, టీకాల ప్రభావం నిలుస్తుంది. అయితే ఒక్కో కుక్కను రోజుల తరబడి ఉంచుకోవాలి. రేబిస్ అంతకాలం ఆగదు.

గోవాలో ఈ లెక్కను ఆచరణలో పెట్టారు. బ్రిటిష్ పశువైద్యుడు ల్యూక్ గ్యాంబుల్ మొదలుపెట్టిన మిషన్ రేబిస్ సంస్థ 2013లో మన దేశంలో పని ఆరంభించి, గోవా ప్రభుత్వంతో కలిసి అక్కడ స్థిరపడింది. ఆ రాష్ట్రాన్ని చిన్న చిన్న ముక్కలుగా మ్యాపులో విడదీశారు. ఫోన్‌లో ఏ ముక్క ఎవరిదో, ఏ సందు పూర్తయిందో కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాతి అడుగు. టీకాలయ్యాక వేరే వాళ్లు అదే వీధుల్లో తిరిగి రంగున్న కుక్కలు ఎన్ని, లేనివి ఎన్ని అని లెక్కపెడతారు. 70 శాతం రాకపోతే మళ్లీ వల పట్టుకుని వెళ్లాల్సిందే. మనవాళ్లు రాసుకునే "ఇన్ని వేల టీకాలు వేశాం" అన్న లెక్కకూ దీనికీ ఉన్న తేడా ఇదే. వేసిన టీకాలు ఎన్నన్నది సగం సమాచారమే, వేయకుండా మిగిలిన కుక్కలెన్నో తెలియాలి.

దీనితోపాటు బడుల్లో పాఠాలు చెప్పారు, అనుమానంగా కనిపించిన కుక్క గురించి ఫోన్ చేస్తే వచ్చే బృందాన్ని నడిపారు. 2019 నాటికి ఏడాదికి 95 వేలకు పైగా కుక్కలకు టీకాలు, లక్షన్నర మంది పిల్లలకు పాఠాలు అందుతున్నాయి. కుక్కల్లో నెలవారీ కేసులు 92 శాతం తగ్గాయి. 2018, 2019లో అక్కడ మనుషుల్లో రేబిస్ మరణం నమోదు కాలేదు. 2021లో ప్రభుత్వం గోవాను రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించింది.

92 శాతం అంటే నూరు కాదని గమనించాలి. ఒకవైపు మహారాష్ట్ర, మరోవైపు కర్ణాటక. కుక్కలు చెక్‌పోస్టు దగ్గర ఆగవు. పైగా గోవా మన ఒక పెద్ద జిల్లా కంటే చిన్నది. 2030 నాటికి కుక్కల రేబిస్‌ను నిర్మూలించాలన్న జాతీయ ప్రణాళిక 2021లో వచ్చింది. కుక్కలకు వేసే రేబిస్ టీకాలు హైదరాబాదులోనే తయారవుతున్నాయి కూడా. కొరత మందుకు కాదు, పరుగెత్తే కుక్కను పట్టే చేతులకు, ఏటా అదే పని చేసే ఓపికకు. స్వచ్ఛంద సేవకులు ఆ పని మొదలుపెట్టగలరు, నేర్పగలరు. పదేళ్లు మోయాల్సింది మాత్రం మున్సిపాలిటీలు, పశుసంవర్ధక శాఖలే.

ఈలోగా కుక్క కరిస్తే గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి వేసే టీకాలు 0, 3, 7, 28 రోజుల్లో ఉంటాయి. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అడగాలి. కరిచిన కుక్కను పది రోజులు గమనించమంటారు, కానీ అది బతికుందో లేదో చూసి టీకా మొదలుపెడదామని మాత్రం ఆగకూడదు.