మంటకు ముందు మాట

ఇంగ్లిష్ ఏజెన్సీ వార్తల్ని తెలుగు చేసే డెస్కులో పని నాది. ఎండలు ముదిరాయంటే ‘బర్స్ట్ ఇన్‌టు ఫ్లేమ్స్’ అన్న మాట తగలని షిఫ్టు ఉండదు. బస్సయినా, గోదామయినా, ట్రాన్స్‌ఫార్మరయినా అదే మాట. మేమూ చెయ్యి తిరిగినట్టు ‘ఒక్కసారిగా మంటలు ఎగసిపడ్డాయి’ అని కొట్టి పేజీకి పంపేస్తాం. అంత బలమైన మాట ఇలా అరిగిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. దాని సత్తా తెలియాలంటే హెర్బర్ట్ మారిసన్ గొంతు వినాలి.

1937 మే 6, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, లేక్‌హర్స్ట్. జర్మనీ నుంచి అట్లాంటిక్ దాటి వచ్చిన హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్ అక్కడ దిగాలి. పొడవు 245 మీటర్లు. కడుపు నిండా హైడ్రోజన్. మండే గుణం లేని హీలియం అప్పట్లో అమెరికా చేతుల్లో ఉంది, ఎగుమతి మీద ఆంక్షలున్నాయి. ఉరుముల వాన వల్ల ఆలస్యమై, సాయంత్రం ఏడు దాటాక అది మైదానం మీదికొచ్చింది. షికాగోలోని డబ్ల్యూఎల్‌ఎస్ రేడియో నుంచి వచ్చిన మారిసన్ చూసింది చూసినట్టు చెబుతుంటే, వెంట ఉన్న ఇంజినీరు డిస్కు మీద రికార్డు చేస్తున్నాడు.

మారిసన్ తొందరపడడు. పైనుంచి తాళ్లు వదిలారంటాడు. కింద మనుషులు అందుకున్నారంటాడు. వాన మళ్లీ మొదలైందంటాడు. వెనక ఇంజన్లు ఓడను ఎంతవరకు నిలబెడుతున్నాయో చెప్పబోతాడు. ఆ వాక్యం పూర్తి కాదు. మధ్యలో తెగి, అరుపుగా వస్తుంది ‘బర్స్ట్ ఇన్‌టు ఫ్లేమ్స్’ అన్న మాట. సుమారు అర నిమిషంలో ఓడ మొత్తం నేలకూలింది. లోపలున్న 97 మందిలో 35 మంది, నేల మీద ఒకరు చనిపోయారు. తర్వాత ఆయన ఏడుస్తూ అన్న మాటల్నే లోకం గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం ఆ తెగిన వాక్యమే పెద్ద పాఠం. తాళ్లూ, వానా, ఇంజన్లూ మన కళ్లకు కట్టాయి కాబట్టే ఆ మాట విన్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

నవలాకారుడు డికెన్స్ ఈ జలదరింపును మరోలా సాధించాడు. 1852, 53ల్లో భాగాలుగా వెలువడిన ‘బ్లీక్ హౌస్’లో క్రూక్ అనే పాతసామాన్ల వ్యాపారి తనంతట తానే కాలిపోతాడు. కాలడాన్ని డికెన్స్ మనకు చూపించడు. గాల్లో తేలుతూ వచ్చి చొక్కా చేతి మీద జిడ్డుగా అంటుకునే మసి, కిటికీ గట్టు మీద పచ్చటి చిక్కటి నూనె, మాడిన మాంసం కంపు, అంతే. మనిషి అలా కాలడం అసాధ్యమని విమర్శకుడు జి.హెచ్. లూయిస్ అప్పుడే తప్పుపట్టాడు. సాధ్యమేనని డికెన్స్ పుస్తకం ముందుమాటలోనూ వాదించాడు. శాస్త్రం లూయిస్ పక్షానే ఉంది. ఆ మసి మాత్రం నన్ను వదల్లేదు.

నిజానికి ఏదీ ఊరికే భగ్గుమనదు. బస్సులో వైరింగు వేడెక్కి ఓ మూల రాజుకుంటే, సీట్ల ఫోమూ రెక్సినూ ఆ సెగకు మండే వాయువులు వదులుతాయి. అవి పైకప్పు కింద పోగవుతాయి. లోపలి వేడి ఐదారు వందల డిగ్రీలకు చేరేసరికి అన్నీ దాదాపు ఒకేసారి అంటుకుంటాయి. అగ్నిమాపక సిబ్బంది దాన్ని ఫ్లాష్‌ఓవర్ అంటారు. బయట నిలబడ్డవాళ్లకు కనిపించేది ఆ ఆఖరి ఘట్టమే. అందుకే ‘ఒక్కసారిగా’ అంటారు.

ఆ మధ్య హైవే మీద ఓ బస్సు తగలబడితే మా కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు.

“ఉన్నట్టుండి భగ్గుమంది సార్, అంతే.”

“అంతకుముందు ఎవరికేం తెలిసిందో కనుక్కోవయ్యా. పొగా, వాసనా, ఏదైనా.”

కాసేపటికి మళ్లీ చేశాడు. వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడ కాళ్ల కింద రేకు కాలుతోందని రెండుసార్లు చెప్పిందట. ఏసీ లేదు కదా, ఎండకేలే అన్నారట పక్కవాళ్లు. ఆవిడే కేకలేసి బండి ఆపించింది. అందరూ దిగాకే మంటలు లేచాయి.

వార్త ఆవిడ కాళ్లతో మొదలుపెట్టాం. మంటలు మూడో వాక్యంలో వచ్చాయి.